బురుజు మన్ను చెలకల పోస్తే పంట పెరగది, ఊరి కత తరుగుతది



ఈసారి యూరియా గురించి కాదు, వడ్ల కాంటాల గురించి కాదు. ఊరి బురుజు గురించి రాస్తున్న. జర లంబ పోస్టే, తీరికగ చదువుండ్రి.

యాసంగి కోతలు అయిపోయి ఎండలు ముదిరినంక మన దిక్కు ట్రాక్టర్లు ఖాళీగ ఉంటయి. అప్పుడే చెలకలకు మన్ను తోలుడు మొదలైతది. చెరువు మన్ను తోలేటోళ్లు చెరువుకు పోతరు. కొందరి కన్ను మాత్రం ఊరి పక్కనున్న పాత గోడల మీద, కూలిన బురుజు మీద పడ్తది. "ఎట్లా కూలిపోయేదే కదా, నాలుగు ట్రిప్పులు కొడితే ఏమైతది" అంటరు. ఏడాదికి నాలుగు ట్రిప్పులు, పదేండ్లకు నలభై ట్రిప్పులు. ఆ తర్వాత అక్కడ బురుజు ఉండె అని చెప్పేటోడు కూడ ఉండడు.

నా మాట ముందుగాల్నే చెప్త. ఊరి బురుజు రాజుల కోట కాదు. అది పంటను, పశువును, పిల్లాజెల్లను కాపాడుకోవటానికి కట్టిన రైతు కోట. కాబట్టి దాన్ని చూసుకునే పని కూడ మనదే. సర్కారు వచ్చి చేస్తదని కూసుంటే సర్కారు వచ్చేటాళ్లకు మొరం కుప్ప తప్ప ఏం మిగలది.

మన ధర్మపురి చుట్టుపక్కల కోటలకు కరువు లేదు. ముప్పై కిలోమీటర్ల దూరంల జగిత్యాల కోట ఉన్నది. 1747ల ఇబ్రహీం ధంసా కాలంల ఫ్రెంచి ఇంజనీర్లు కట్టిండ్రని చెప్తరు. చుట్టూ కందకం, నక్షత్రం లెక్క కొమ్ములు. గోదారి దాటితే నిర్మల్, ఆ పట్నం చుట్టూ గుట్టల మీద కోటలు, బురుజులు, శ్యాంగఢ్. కరీంనగర్ దిక్కు పోతే మానేరు ఒడ్డున ఎల్గందుల ఖిల్లా, అటెన్క మొలంగూరు. పెద్దపల్లి దిక్కు రామగిరి ఖిల్లా. ఇవన్నీ పేరున్న కోటలు. వీటి గురించి పుస్తకాలున్నయి, ఫోటోలు దిగేటోళ్లున్నరు, ఆదివారం బండ్లు వేసుకొని వచ్చేటోళ్లున్నరు.

పేరు లేనియి మన ఊర్ల బురుజులు. గుండ్రంగ, కింద వెడల్పు, మీదికి పోయినకొద్ది సన్నం. కింద బండరాయి, మీద రాయి, మన్ను కలిపిన కట్టడం. చాన ఊర్లల్ల ఒకటుంటది, కొన్ని ఊర్లల్ల రెండుంటయి. ఏ పుస్తకంల లేవు, ఏ బోర్డు లేదు. పోతే అడిగే దిక్కు కూడ లేదు.

ఇవి ఎందుకు కట్టిండ్రో అర్థం కావాలంటే రెండు వందల ఏండ్ల కిందటి రైతు బతుకు యాది చేసుకోవాలె. అప్పటి దోపిడీగాళ్లు గుర్రాల మీద వచ్చేటోళ్లు. పిండారీలు అనే పేరు మన పెద్దోళ్ల నోట్ల ఇంకా ఉన్నది. 1816ల ఆ పిండారీ దండు గుంటూరు సర్కారు మీద పడ్డది. పదకొండు పన్నెండు రోజుల్లనే 339 ఊర్లు దోచుకున్నది. లెక్కేసి చూడుండ్రి, రోజుకు ముప్పై ఊర్లకు దగ్గర. అంటే ఊరికి గంటల లెక్కన ఆగిండ్రు గని రోజుల లెక్కన కాదు. దండుకు తోపులు లేవు, గుడారాలు లేవు. ఎంత తొందరగ దోచుకొని పోతే అంత లాభం.

బురుజు కిటుకు అంతా ఇక్కడనే ఉన్నది. దాంతోని యుద్ధం గెలవాలని ఎవ్వలూ కట్టలేదు. ఒక పూటనో ఒక రోజో నిలబడితే చాలు. అంతల దండు యాష్టకొచ్చి ఇంకో ఊరికి పోతది. మీదినుంచి ఒకడు కావలి కాస్తడు. దుమ్ము లేస్తే డప్పు కొడ్తడు. ముసలోళ్లు, పిల్లలు, ఆడోళ్లు లోపలికి పోతరు, పశువులను గుట్టకు తోల్తరు. గింజలైతే అప్పటికే పాతరల ఉంటయి. పాతర మీద మన్ను కప్పి ఎద్దులను తిప్పితే అక్కడ పాతర ఉన్నదని బయటోడు పసిగట్టలేడు. బురుజు, పాతర, డప్పు, ఈ మూడు కలిస్తేనే ఊరికి రక్షణ. అది సిపాయిల తెలివి కాదు, కాపోళ్ల తెలివి.

మీ ఊరి బురుజు కాడికి ఒక్కసారి పోయి ఈ కన్నుతోని చూడుండ్రి. మొదలు, అది ఎక్కడ ఉన్నదో చూడుండ్రి. చానమటుకు ఊర్లె ఎత్తు జాగల ఉంటది. అక్కడినుంచి బండ్ల బాట కనబడ్తది, చెరువు కట్ట కనబడ్తది. గాలి తేటగ ఉన్ననాడు పక్క ఊరి బురుజు కూడ కనబడొచ్చు. కనబడితే అది ఊకెనే కాదు. ఒక ఊర్లె పొగ పెడితే ఇంకో ఊరు జాగ్రత్త పడ్తది.

రెండోది, దర్వాజ. కొన్ని బురుజులకు దర్వాజ నేల మీద ఉండది, మనిషి ఎత్తు కన్న మీద ఉంటది. నిచ్చెన వేసి ఎక్కి, నిచ్చెన లోపలికి గుంజుకునేటోళ్లు. దర్వాజ చిన్నగ ఉంటది, వంగి పోవాలె. వంగి లోపలికి వచ్చేటోని మెడ ముందుగాల్ల వస్తది. ఎందుకు చిన్నగ పెట్టిండ్రో ఇంక నేను చెప్పుడు అవసరం లేదు.

మూడోది, గోడకున్న కన్నాలు. బయటికి సన్నగ ఉంటయి, లోపలికి వెడల్పుగ ఉంటయి. లోపల నిలబడ్డోడు తుపాకి అటు ఇటు తిప్పొచ్చు, బయటోనికి మాత్రం సన్న సందే కనబడ్తది. కొన్ని కిందికి వాలి ఉంటయి, గోడ మొదలుకు వచ్చినోణ్ని కొట్టటానికి. అన్నీ తుపాకి కన్నాలే అనుకోకుండ్రి. వరుసగ, ఒక్క ఎత్తుల ఉండే చిన్న చౌకం కన్నాలు కట్టేటప్పుడు పరంజి కట్టెలు పెట్టినయి అయ్యుంటయి.

ఇప్పుడు జగిత్యాల కోటకు, మన బురుజుకు తేడా చెప్త. గుండ్రటి బురుజుకు ఒక లోపం ఉన్నది. దాని మూతి ముందట, గోడకు ఆనుకొని నిలబడ్డోనికి పక్క బురుజుల మీదినుంచి కొట్టినా దెబ్బ తగలది. తోపులు లేని దొంగల దండుకైతే నడుస్తది. తోపులు, సొరంగం మందు ఉన్న ఫౌజుకైతే ఆ జాగనే ఆసరా. అందుకే తోపుల కాలంల నక్షత్రం కోటలు వచ్చినయి. ఒక కొమ్ము మీది నుంచి పక్క కొమ్ము మొదలు దాకా కనబడ్తది, దాక్కునే జాగ ఉండది. మొదలు ఐరోపాల పుట్టిన ఆ లెక్క జగిత్యాల దాకా వచ్చింది. మన పిల్లలు బడిల జామెట్రీ చదువుతరు కదా. ఒక్కసారి జగిత్యాల కోట మీద నిలబెట్టి చూపిస్తే ఆ పాఠం జన్మల మరువరు.

మన్ను గోడ అంటే అలుసు చేసేటోళ్లు కూడ ఉన్నరు. ఓరుగల్లు మట్టి కోట యాది చేసుకోవాలె. 1310ల మాలిక్ కాఫర్ దండు దాన్ని చుట్టుముట్టింది. ఆ మట్టి గోడ ఎంత గట్టిదో, రాళ్లు విసిరితే ఎట్ల ఎగిరి వెనక్కి పడ్డయో ఢిల్లీ ఆస్థానం కవి అమీర్ ఖుస్రోనే రాసిండు. శత్రువు దిక్కు మనిషి ఒప్పుకున్న మాట అది. రాతి గోడ దెబ్బకు పగుల్తది, మన్ను దెబ్బను మింగుతది. మన్ను సంగతి మనకు ఒకడు చెప్పాల్నా?

ఇంకా వెనక్కి పోతే మన గోదారి ఒడ్డుకే వస్తం. వెల్గటూరు మండలంల కోటిలింగాల, పెద్దవాగు గోదారిల కలిసే కాడ. అక్కడ రెండు వేల ఏండ్ల కిందటి మట్టి కోట ఉండె. శాతవాహనుల మొదటి రాజు శ్రీముఖుని నాణేలు అక్కడ దొరికినయి. అంతకన్న ముందు ఏలిన గోబద, నారన, కంవాయసిరి, సమగోప లాంటి రాజుల నాణేలు కూడ దొరికినయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వాటిని చదివి లోకానికి చెప్పినంక మన గోదారి గట్టు పేరు చరిత్రల పెద్దగ ఎక్కింది. పెద్దపల్లి దిక్కు ధూళికట్టల మట్టి కోట, బౌద్ధ స్తూపం ఉన్నయి. రోమ్ దేశం పండితుడు ప్లినీ ఒకటో శతాబ్దంల ఆంధ్రులకు ముప్పై కోట పట్నాలున్నయని రాసిండు. కోటిలింగాల, ధూళికట్ట ఆ ముప్పైట్లయే అని చరిత్రకారులు అంటరు.

ఇంత పెద్ద కోటలు ఎట్ల పోయినయి? కొంత వానకు, కొంత గోదారి కోతకు. ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నీళ్లతోని కోటిలింగాలకు ముంపు వచ్చింది. ఇంకొంత నాగలికి, బండ్లకు, ట్రాక్టర్లకు పోయింది. పాత ఊరి దిబ్బల మన్నును మనం పాటి మన్ను అంటం. తాతల నుంచి పాటి మన్ను తోలుతున్నం. అదేం తప్పు పని అని నేను అనను. ఆ మన్నుల బూడిద, పెండ, బొక్కలు, గింజల పొట్టు వందల ఏండ్లు కలిసినయి. అందుకే భాస్వరం, పొటాషు ఉంటయి, పంట నల్లగ వస్తది. మన పెద్దోళ్లకు ల్యాబు లేకున్నా ఆ సంగతి తెలుసు.

కని ఒక్క ముచ్చట గమనించుండ్రి. బురుజు మన్ను పాటి మన్ను కాదు. పాటి మన్ను మనుషులు బతికిన జాగల తయారైతది. బురుజు మన్ను కట్టేటప్పుడు పక్కనున్న గుంతల నుంచి తీసిన లోతు మన్ను. దాంట్ల బంక ఉంటది, మొరం ఉంటది, గులకరాళ్లు ఉంటయి. పెండ బూడిద ఉండది. గోడ మొదట్ల తెల్లగ ఉప్పు పూస్తది, దాంట్ల సురేకారం ఉండొచ్చు. వెనుకట తుపాకి మందుకు సురేకారం ఇట్లాంటి పాత మట్టి నుంచే తీసేటోళ్లు. ఒక ట్రిప్పుల ఎక్కడన్న జర పచ్చదనం కనబడ్డా, పది ట్రిప్పుల మొరం చెలకకు చెరుపే. డీజిల్ పైసలు కూడ ఎల్లవు.

మన్నే కావాలంటే చెరువున్నది. 2015ల మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మన్నును ఎవ్వలి ట్రాక్టరు వాళ్లు పెట్టుకొని తోలుకున్నం కదా. చెరువు నిండింది, చెలక బలిసింది. చెరువు మన్ను ప్రతి వానకు మళ్లీ వస్తది. బురుజు మన్ను ఒక్కసారి పోతే మళ్లీ రాదు. ఏది తోలాల్నో రైతుకు వేరే చెప్పాల్నా?

మన్ను తోలేటోళ్ల కన్న పెద్ద బెడద గుప్తనిధులోళ్లు. అమాస రాత్రి వస్తరు. నిమ్మకాయలు, కుంకుమ, కోడి, పలుగు, పార. బురుజు నడుమ గుంత తీస్తరు, పొద్దుగాల్ల పోయి చూస్తే గోడ సగం వంగి ఉంటది. ఒక్కసారి బుద్ధి పెట్టి ఆలోచించుండ్రి. దండు వస్తే అందరి కండ్లు పడేది బురుజు మీదనే. ఎవ్వడన్న బంగారం తీసుకపోయి ఆ జాగల్నే దాస్తడా? బురుజుల ఉండేది తుపాకి మందు, నీళ్ల కుండలు, రాళ్ల కుప్ప. సొమ్మున్నోడు నడుముకు కట్టుకొని పోతడు, లేకుంటే ఎవ్వలికీ తెల్వని చెలకల పాతుతడు. నిధి ఆశ చూపెట్టి పూజల పేరు మీద మన పిల్లగాళ్ల దగ్గర లక్షలు గుంజుకున్నోళ్లు మాత్రం ఊరికొకరున్నరు. అసలు నిధి వాళ్లకే దొరుకుతున్నది.

చట్టం సంగతి కూడ తెలుసుకోవాలె. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా నడుస్తున్నది. భూమిల దాగిన సొమ్ము పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాలె, దాస్తే జైలు దాకా పోవచ్చు. దున్నేటప్పుడు నాణెం దొరికితే భయపడకుండ్రి, దాచకుండ్రి, కరిగియ్యకుండ్రి. దొరికిన జాగ ఫోటో తీసి పంచాయతిల చెప్పుండ్రి. కోటిలింగాల నాణేలు కంసాలి మూసల పడి ఉంటే శ్రీముఖుని గురించి ఆ సాక్ష్యం మనకు మిగిలేదే కాదు.

ఇగ అసలు గట్టి ప్రశ్నకు వస్త. ఈ మాట నాతోని మన దోస్తులే అన్నరు: "బురుజు కట్టించింది దొర. మన తాతలతోని వెట్టిచాకిరి చేయించి కట్టించిండు. గడి కూలితే పండుగ చేసుకున్నం, బురుజు కూలితే ఏడ్వాల్నా?"

ఆ మాటల నిజం ఉన్నది, కాదనను. చాన బురుజుల్ల వెట్టి చెమట ఉన్నది. దొర తన గింజలను, తన గడిని కాపాడుకోవటానికి కట్టించుకున్నయి కూడ ఉన్నయి. గడి ముందట చెప్పులు చేతుల పట్టుకొని నడిచిన తరం పోయి ఎక్కువ కాలం కాలేదు. ఆ బాధ ఉన్నోళ్లకు బురుజును దేవుని లెక్క మొక్కుమని నేను చెప్పను.

కని బైరాన్‌పల్లి సంగతి ఒక్కసారి వినుండ్రి. ఇప్పుడు సిద్దిపేట జిల్లాల ఉన్నది ఆ ఊరు. 1948ల రజాకార్లు ఊర్ల మీద పడి దోచుకుంటున్నప్పుడు ఆ ఊరోళ్లు దళం కట్టిండ్రు. బురుజు మీద కావలి పెట్టిండ్రు. ఒకసారి కాదు, వచ్చిన దాడులను తిప్పికొట్టిండ్రు. ఆఖరుకు ఆగస్టు 27 నాడు తెల్లారకముందే రజాకార్లు నిజాం ఫౌజును తోడు తెచ్చుకొని, తోపులు పెట్టి ఊరి మీద పడ్డరు. బురుజు తోపు దెబ్బకు ఆగలేదు. పట్టుకున్నోళ్లను వరుసగ నిలబెట్టి కాల్చిండ్రు. తొంభై మందికి పైగ చచ్చిపోయిండ్రు. సెప్టెంబరు 17 నాడు నిజాం లొంగిపోయిండు. నడుమ మూడు వారాలే.

ఆ బురుజు ఇయ్యాల్టికి ఉన్నది. ఊరోళ్లు ఏటా ఆ దినం అమరులను యాది చేసుకుంటరు. ఇప్పుడు చెప్పుండ్రి, ఆ బురుజు ఎవ్వలది? మొదలు ఎవ్వడు కట్టించినా, దాని మీద నిలబడి పానం ఇచ్చినోళ్లది. దొర పేరు మీద ఉన్నదని దాన్ని కూలగొడితే పోయేది దొర కత కాదు, ఆ మనుషుల కత. దొర కత కాయిదాల్ల ఉంటది, ఫర్మానాల్ల ఉంటది. వెట్టి చేసినోని కత రాయిల, మన్నుల తప్ప ఎక్కడా లేదు. మన తాత చెయ్యి గుర్తు ఉన్న ఒక్క కాయిదం అది. దాన్ని మన చేతులతోనే చింపుకుందామా?

ఇంకో మాట అంటరు: "పానానికి ముప్పు, పిల్లలు ఆడుకుంటరు, కూలితే ఎవ్వలు జిమ్మెదారు?" ఇది ఖరాబు మాట కాదు, నిజం మాట. వానాకాలంల నానిన గోడ చెప్పి కూలది. ఇండ్ల మీదికి వంగిన గోడను అట్లనే ఉంచుమని నేను అనను. మనిషి కన్న గోడ ఎక్కువ కాదు. కని వంగిన భాగం వేరు, మొత్తం బురుజు వేరు. మీది నాలుగు వరుసలు దించితే ఆగేదానికి జేసీబీ పెట్టి మొదలుకంటా లేపుతున్నరు. ఎందుకంటే జేసీబీకి గంట లెక్క కిరాయి, రాయి అమ్ముకోవచ్చు, జాగ ప్లాటైతది. పానం ముప్పు అనేది పైకి చెప్పే మాట, ప్లాటు ముచ్చట లోపల ఉన్న మాట. ప్రతిచోట అట్ల అని కాదు, కని చానచోట్ల అట్లనే.

మూడో మాట: "అది పురావస్తు శాఖ పని." కోట పెద్దదైతే నిజమే. ఊరూరి బురుజుల పేర్లు ఏ రక్షణ జాబితాల చూసినా మనకు కనబడవు. ఉన్న కోటలకే కావలివాడు సరిపోతలేడు, మన ఊరి దాకా ఎప్పుడు వస్తరు?

వేరే దేశం ముచ్చట ఒకటి చెప్త. 1940ల జర్మనోళ్లు దిగుతరన్న భయంతోని ఇంగ్లాండుల పొలాల్ల, బాటల పక్కన, కాల్వ గట్ల మీద సిమెంటు తుపాకి గదులు కట్టిండ్రు. పిల్‌బాక్సులు అంటరు. యుద్ధం అయిపోయింది, అవి రైతుల పొలాల్ల మిగిలినయి. కొందరు గొర్లను తోలిండ్రు, కొందరు గడ్డి వేసిండ్రు, కొందరు పలగ్గొట్టిండ్రు. 1995 నుంచి 2002 దాకా డిఫెన్స్ ఆఫ్ బ్రిటన్ అనే ప్రాజెక్టు పెట్టి వలంటీర్లు ఊరూరు తిరిగిండ్రు. దగ్గర దగ్గర 20 వేల జాగలు రాసిపెట్టిండ్రు. వాళ్లల్ల జీతగాళ్లు కాదు, మామూలు జనం ఎక్కువ. వాళ్లు యాభై అరవై ఏండ్ల సిమెంటు గదికే అంత విలువ ఇచ్చిండ్రు. మన విశాఖపట్నంల కూడ అసుంటిది ఒకటి ఉన్నది. 1942 ఏప్రిల్ 6 నాడు జపాన్ విమానాలు ఆ ఊరి మీద బాంబులు వేసినయి. ఆ యుద్ధం నాటి బంకరు ఒకటి ఆర్.కె. బీచ్ కాడ అలల కోతకు ఇసుకల నుంచి బయటపడితే జనం పోయి చూసిండ్రు. మన బురుజులకు అంతకన్న రెండింతలు మూడింతల వయసు. చూసేటోడు లేడు.

ఊకె బాధపడితే ఏం లాభం. మనం చేయగలిగిన పనులు ఇవి, దేనికీ పెద్ద పైసలు పట్టయి.

ఒకటి, రాసిపెట్టుడు. ఎండాకాలంల ఒక పొద్దుగాల్ల ఇద్దరు ముగ్గురు కలిసి పోవుండ్రి. నాలుగు దిక్కులనుంచి ఫోటోలు తీయుండ్రి. చుట్టు కొలత తాడుతోని కొలువుండ్రి. ఎత్తుకు పక్కన మనిషిని నిలబెట్టి ఫోటో తీస్తే చాలు. దర్వాజ ఏ దిక్కున్నది, కన్నాలు ఎన్ని, మీదినుంచి ఏం కనబడ్తది, అన్నీ ఒక నోటుబుక్కుల రాయుండ్రి. పట్టా భూమిల ఉంటే ఆ రైతును అడిగినంకనే అడుగు పెట్టుండ్రి. వాన పడ్డ వారం దాకా ఎక్కకుండ్రి. పాములు, తేనెటీగలు, లోపల పాత బావులు ఉంటయి, ఒంటరిగ అస్సలు పోవద్దు.

రెండు, ముసలోళ్లను అడుగుడు. ఎనభై దాటిన అవ్వలు, తాతలు ప్రతి ఊర్లె ఒకరిద్దరు ఉన్నరు. బురుజును ఏమని పిలిచేటోళ్లు, ఎవ్వలు కావలి ఉండెటోళ్లు, రజాకార్ల కాలంల ఎవ్వలు దాక్కున్నరు, ఫోనుల రికార్డు చేసుకోండ్రి. గోడ ఇంకో ఇరవై ఏండ్లు ఆగొచ్చు, అవ్వ ఆగది. అందుకే మొదలు అవ్వ దగ్గరికి పోవుండ్రి, తర్వాత గోడ కాడికి.

మూడు, గ్రామసభల తీర్మానం. "బురుజు నుంచి మన్ను, రాయి తీయొద్దు, పది అడుగుల దాకా తవ్వొద్దు" అని ఒక్క లైను రాసి సంతకాలు పెడితే చాలు. ఆ కాయిదం ఉంటే రేపు జేసీబీ వచ్చిననాడు ఆపటానికి నోరు ఉంటది. జాగ గ్రామకంఠంల ఉన్నదా, పట్టాల ఉన్నదా కూడ అప్పుడే తేల్చుకోవాలె. మన రాష్ట్రానికి 2017ల వారసత్వ సంపద చట్టం వచ్చింది, తీర్మానం జతచేసి కలెక్టరాఫీసుల దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండ్రి.

నాలుగు, నీళ్లు. మట్టి గోడకు అసలు శత్రువు నీళ్లే. మీద గుంత ఉంటే వాన నీళ్లు లోపలికి ఇంకి కడుపు ఉబ్బినట్టు గోడ ఉబ్బుతది, తర్వాత పగుల్తది. మీద బంకమన్ను, సున్నం కలిపి వాలుగ కప్పితే నీళ్లు జారిపోతయి. మొదట్లకు మోరి నీళ్లు రాకుండ మళ్లియ్యాలె. రావి, మర్రి మొలకలను చిన్నగ ఉన్నప్పుడే తీసెయ్యాలె. పెద్ద చెట్టైతే గుంజొద్దు, వేరుతోని రాళ్లు కూడ ఊడొస్తయి. మొదలుకు కోసి మళ్లీ చిగురు రాకుండ చూడాలె.

ఐదు, సిమెంటు వద్దు. పైసలొస్తే చాలు సిమెంటు పూత పెట్టి రంగు వేసుడు మనకు అలవాటైంది. మట్టి గోడకు సిమెంటు పూస్తే లోపల తడి బయటికి రాదు, లోపల్లోపల కుళ్లి ఒకనాడు పెచ్చు పెచ్చు ఊడ్తది. మన పాత ఇండ్లల్ల ఇది అందరం చూసినదే. మన్నుకు మన్నే మందు, లేకుంటే సున్నం.

ఈ పనులు చేస్తే ఊరికి టూరిస్టులు వస్తరు, పైసలు వస్తయి అని నేను ఆశ పెట్టను. చాన బురుజులకు ఎవ్వలూ రారు. కాకపోతే మన పిల్లలకు ఒక సంగతి తెలుస్తది. ఫోనుల రాజస్థాన్ కోటలు చూసి అబ్బ అంటున్నరు. వాళ్ల ముత్తాత ఒక పూట దండును ఆపటానికి కట్టిన గోడ వాళ్ల చెలక పక్కనే ఉన్నదని తెల్వదు. రైతు అంటే ఎప్పుడూ చెయ్యి చాపేటోడు, అప్పుల్ల ఉన్నోడు అని వాళ్లు పొద్దుమాపు వింటున్నరు. తన పంటను, తన ఊరిని తనే కాపాడుకున్నోడు కూడ రైతే అని చెప్పటానికి మన దగ్గర ఉన్న సాక్ష్యం బురుజు. ఆ సాక్ష్యాన్ని ట్రాక్టరుల ఎత్తి చెలకల పోసుడు మనకు ఏ లెక్కన చూసినా నష్టమే.

వచ్చే వానాకాలంల ఎన్ని నిలబడ్తయో, ఎన్ని కూల్తయో తెల్వదు. మృగశిర కన్న ముందే ఒక పొద్దుగాల్ల బురుజు కాడికి పోయి నాలుగు ఫోటోలు, రెండు కొలతలు తీసుకోండ్రి. కింద కామెంట్ల ఊరి పేరు, మండలం రాసి ఫోటో పెట్టుండ్రి. దాని గురించి మీ అవ్వ తాతలు చెప్పిన ముచ్చట ఉంటే అది కూడ రాయుండ్రి. గుప్తనిధులోళ్లు కూడ ఈ పేజీ చూస్తరు కాబట్టి ఊరవతల ఒంటరిగ ఉన్న బురుజు అయితే సరిగ్గ ఎక్కడున్నదో బాట మాత్రం రాయకుండ్రి, నాకు మెసేజ్ పెట్టుండ్రి. మండలం వారీగ లిస్టు నేను చేస్త. మన ధర్మపురి మండలంతోనే మొదలుపెడ్దాం.

జై కిసాన్.